మా ఆవిడ బ్రేకులు

"వదినా, టీ!"

కారు కింద ఒళ్లంతా గ్రీజుతో ఉన్నాను నేను. మా ఆయన ఒకప్పుడు ఈ కాలేజీ రేసు కారు టీముకి కెప్టెన్. అందుకని నేను అందరికీ వదిననట! నేను చదివేదీ వాళ్ల క్లాసులోనే, అయినా బ్రేకులు చూసేదీ నేనే, టీ తెచ్చేదీ నేనే. మా అత్తగారికైతే ఇదంతా వేళాకోళం. "ఈ కార్లూ గీర్లూ నీకెందుకమ్మా, వాడు చూసుకుంటాడుగా" అంటుంది. చూసుకున్నాడు, బాగానే చూసుకున్నాడు.

బ్రేకు ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అన్నది పెడల్ పక్కనున్న చిన్న నాబ్ తేలుస్తుంది. ముందువి రవ్వంత ముందు పట్టాలి, ఆ వెంటనే వెనకవి. వెనకవే ముందు పట్టాయా, కారు తోక తిరిగిపోతుంది. ఎండలో మాడి, నేల మీద టైరు గీతలు చూసుకుంటూ కుదిర్చి, నాబ్ మీద తెల్ల పెయింటుతో గుర్తు పెట్టాను.

ఇవాళ తనిఖీ. నాలుగు చక్రాలూ పట్టి కారు తిన్నగా ఆగాలి. రెండే ఛాన్సులు, తప్పితే రేసే లేదు. సలహాదారుగా మా ఆయన వేంచేశాడు. నేను టీకి వెళ్లాను, నాకు బుద్ధి లేదు. కప్పులతో తిరిగొచ్చేసరికి కారు గిర్రున తిరిగి అడ్డంగా ఆగి ఉంది.

"ఈ బ్రేకులు ఎవరు చూశారు?" అన్నాడు తనిఖీ అధికారి.

"మా ఆవిడండీ" అని నవ్వాడు మా ఆయన. "కొత్త కదా, నేర్చుకుంటోంది."

వంగి చూశాను. నాబ్ మీది నా తెల్ల గుర్తు వెనక చక్రాల వైపుకి తిరిగి ఉంది. కుర్రాళ్లందరూ బూట్లు చూసుకుంటున్నారు. అంటే ఆయన నాబ్ తిప్పుతుంటే వీళ్లందరూ చూస్తూనే ఉన్నారన్నమాట! ఇంట్లోనూ ఇదే వరస. పొయ్యి మీది కూరలో ఆయన ఉప్పు గుమ్మరించి పోతాడు, చెడ్డపేరు నా చేతికి. ఒళ్లు మండిపోయింది నాకు.

కప్పులు అక్కడే నేల మీద పెట్టేశాను. నాబ్ నా గుర్తు దగ్గరికి తిప్పి బిగించి, అధికారితో అన్నాను: "నేను పెట్టింది ఇక్కడ. తిప్పింది ఆయన."

రెండోసారి కారు నాలుగు నల్ల చారలు గీసి తిన్నగా ఆగింది. కుర్రాళ్లు ఈలలు వేశారు. ఆయన మాత్రం నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, పళ్లు కొరుకుతూ అన్నాడు:

"పదిమందిలో నా పరువు తీస్తావా? ఇంటికి పద, నీ పని చెప్తా."

చెయ్యి విడిపించుకున్నాను.

"చెప్పేదేదో ఇక్కడే చెప్పండి. ఆ ఇంటికి నేను రావడం లేదు."