మాటకు ముందు ఊపిరి

కాలేజీలో ఆ పిల్లకు పెట్టిన పేరు రెండిళ్ళ కోడలు. పొద్దున ఎలక్ట్రానిక్స్ ల్యాబులో టంకం పొగ పీల్చాలి, మధ్యాహ్నం నాటకాల విభాగంలో చెక్కనేల మీద వెల్లకిలా పడుకుని గొంతు సాధన చేయాలి. ఇంజనీరింగూ నాటకమూ రెండు డిగ్రీలు ఒకే చదువులో కలిపి ఇస్తామంటే ఎగిరి గంతేసి చేరింది. కలపాల్సింది వాళ్ళు కాదు, తానేనని చేరాకగానీ తెలియలేదు. ఇక్కడివాళ్ళకు అక్కడి పరీక్ష పట్టదు, అక్కడివాళ్ళకు ఇక్కడి ల్యాబు పట్టదు. తోటివాళ్ళు ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఈ పిల్లకు కళ్ళ కింద నల్లచారలు కుదురుకున్నాయి.

ల్యాబు సారు ఓపిక పట్టీ పట్టీ చివరకు తేల్చేశాడు.

"చూడమ్మా, ఆసుపత్రిలో నీ పెట్టె సరిగ్గా పనిచేసిందా, రెండో డిగ్రీకి నేను అడ్డు చెప్పను. చేయలేదా, ఆ డ్రామాలు కట్టిపెట్టు. ఉన్న ఒక్క ప్రాణాన్ని ఎన్ని ముక్కలు చేస్తావు?"

తిట్టి ఉంటే బాగుండేది. జాలిపడ్డాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

పెట్టె అంటే రోగులను వంతు ప్రకారం పిలిచే యంత్రం. లోపల డాక్టరు మీట నొక్కితే, బయట హాల్లో ఈ పిల్ల గొంతే నంబరు చెప్పి లోపలికి రమ్మంటుంది. ఇన్నాళ్ళూ ఆ పిలుపులన్నీ అక్కడ నర్సుగా చేస్తున్న ఈ పిల్ల పిన్నివి.

"నీ పెట్టె పుణ్యమా అని నా గొంతు బతికితే చాలే తల్లీ," అంది పిన్ని, పెట్టెను గోడకు తగిలిస్తుంటే మేకులు అందిస్తూ. "ఇంట్లో మీ బాబాయిని పిలిచినా నంబరుతోనే పిలుస్తున్నాను."

హాలు కిటకిటలాడుతోంది. ఫినాయిల్ వాసన, ఫ్యాను కిర్రుకిర్రు, కుర్చీల ఈడ్పు. సారు చేతులు కట్టుకుని ఒక మూల నిలబడ్డాడు.

"పద్దెనిమిది, లోపలికి రండి," అంది పెట్టె.

ఒక్కరూ కదల్లేదు. మళ్ళీ అంది. ఉహూఁ. చివరకు పిన్నే కేకేస్తే, పెట్టె కిందే కూర్చున్న తాతగారు దిగ్గున లేచాడు.

"నెత్తి మీదే మొత్తుకుంటోంది కదండీ, వినపళ్ళేదా?" అంది పిన్ని.

"వినపడిందమ్మా. దానంతటది ఏదో చదువుకుంటోంది అనుకున్నా. నన్ను పిలిచినట్టు లేదే!"

"సౌండు పెంచు," అన్నాడు సారు. పెంచింది. ఒకావిడ ఒళ్ళో పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. జనం తలలెత్తి "ఎంతన్నారు? ఎంతన్నారు?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. నంబరు అప్పటికే వెళ్ళిపోయింది.

సారు గడియారం చూసుకున్నాడు. పిల్ల గోడకు జారగిలబడింది. ఏడుపు కూడా రాలేదు. ఒకరకంగా హాయిగానే ఉంది, సగం బరువు ఇక్కడితో దిగిపోతుందని. ఆ హాయికే తనమీద తనకు రోత పుట్టింది.

పిన్ని మళ్ళీ పిలుపులకు దిగింది. తలుపు దగ్గరికొచ్చి, గడ్డం పైకెత్తి, గుండెనిండా గాలి పీల్చి, ఒక్క క్షణం ఆగింది. తలలన్నీ అటు తిరిగాయి. అప్పుడు నంబరు చెప్పింది.

పిల్ల నిటారుగా నిలబడింది. నాటకాల మేడమ్ రోజూ చెప్పేది అదే. జనం మొదట ఊపిరి వింటారు, తర్వాతే మాట. రికార్డు చేసేటప్పుడు తనూ అలాగే పీల్చింది, అలాగే ఆగింది. మరి అదంతా ఏమైంది?

ఏమవుతుంది! శబ్దాన్ని శుభ్రం చేసే ప్రోగ్రామ్ రాసింది తనే. అది ఊపిరిని బుస అనుకుంది, ఆగడాన్ని దండగ అనుకుంది. నాటకం పిల్ల పెట్టినదాన్ని ఇంజనీరు పిల్ల చెత్తతో పాటు ఊడ్చి పారేసింది. ల్యాబు నిశ్శబ్దంలో తేడా తెలియలేదు.

నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. ల్యాప్‌టాప్ మోకాళ్ళ మీద పెట్టుకుని, పాత రికార్డింగులను ఉన్నవి ఉన్నట్టు ఎక్కించింది.

"ఆ బుసేమిటి? నాయిస్ కదూ?" అన్నాడు సారు.

"ఊపిరి సార్."

"ప్రతి పిలుపుకీ టైము దండగ."

"పిన్ని మూడేసిసార్లు అరవడం కంటే తక్కువే సార్."

పెట్టె ఊపిరి పీల్చింది. కబుర్లు ఆగాయి. నంబరు పలికింది. చేతిసంచి సర్దుకుంటూ ఒకావిడ లేచి వెళ్ళింది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. పిన్ని స్టూలు లాక్కుని కూర్చుని, ఎవరూ తొందరపెట్టకుండా మంచినీళ్ళు తాగింది.

సారు చాలాసేపు చూశాడు. "సరే. మాటంటే మాటే. రెండూ చదువుకో. కానీ ఇంకో ఏడాది పడుతుంది, తెలుసుగా?"

"తెలుసు సార్."

ఆయన వెళ్ళాక పిన్ని బుగ్గ గిల్లింది. "గెలిచావు కదే, ఆ ముఖమేంటి?"

"గెలిస్తే ఇంకా చదవాలి పిన్నీ."

ఖాళీ అయిన కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుంది. అంతలో ఎవరో దగ్గర్లో ఊపిరి పీల్చి, ఆగి, పిలిచారు. పిల్ల ఉలిక్కిపడి లేచి, నిద్రకళ్ళతోనే డాక్టరు గది వైపు నడిచింది.

పిన్ని చేయి పట్టుకుని వెనక్కి లాగింది. "నిన్ను కాదే, అది నీ పెట్టే. కూర్చో."

కూర్చుంది.