కీరదోస వాసన

చేపను తోక దగ్గర పట్టుకుని ముక్కుకు ఆనించాడు ముక్కుబాబాయి. వేలెడంత చేప, వెండిరేకులా మెరుస్తోంది. వీపు మీద, తోకకు కాస్త ముందు, ముళ్లు లేని చిన్న కండరెక్క. ఆ రెక్కను చూసే ఒకప్పుడు స్మెల్టు అనే చిన్న చేపను సాల్మన్ చేపల కుటుంబంలో కలిపేశారు. తర్వాత శాస్త్రం తెలిసిన పెద్దలు కూర్చుని వేరు కాపురం పెట్టించారు. కానీ సాల్మన్ పిల్లకూ అదే రెక్క ఉంటుంది, పైపైన చూస్తే ఈ దాయాదులిద్దరూ ఒకటే. తాజా స్మెల్టు మాత్రం కీరదోసకాయ వాసన వేస్తుంది. చేప కుళ్లకుండా సీసాలో పోసే ఫార్మలిన్ మందులో పడితే ఆ వాసన పోతుంది. అందుకే మ్యూజియంలో సీసాలోకి వెళ్లే ముందు ప్రతి చేపా ఆయన ముక్కు దాటి వెళ్లాలి. ఆ పేరు అలా వచ్చిందే.

ఆ ముక్కు చచ్చి చాలా కాలమైంది. అదే ఫార్మలిన్ దాన్ని తినేసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంటికి పొమ్మంటారు. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయన్ను పలకరించే దిక్కు లేదు. అందుకని ఇన్నాళ్లూ పక్కన వాసన చూసే పరిశోధకురాలి మొహం చూసి నెట్టుకొచ్చాడు. ఆమె కళ్లు విప్పారితే స్మెల్టు, లేకపోతే కాదు.

ఇవాళ ఆమెకు జలుబు.

"నాకేం తెలియట్లేదు బాబాయ్. మీరే చెప్పాలి."

"కీరదోసేనమ్మా" అన్నాడు.

మధ్యాహ్నం ఆమె సూక్ష్మదర్శిని నుంచి తలెత్తి నవ్వింది. "సాల్మన్ పిల్ల బాబాయ్! నా జలుబు మీకూ అంటించినట్టున్నాను."

"అంతేనేమో తల్లీ." అసలు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

సాయంత్రం దారిలో ఒక కీరదోసకాయ కొన్నాడు. ఇంట్లో గ్యాసు పొయ్యి మీద పాలు పెట్టి, కాయను రెండుగా కోసి, ఒక సగం ముక్కుకు ఆనించుకున్నాడు. ఏమీ లేదు. మళ్లీ పీల్చాడు. "చేపల పనికెళ్లి తోటలోంచి వచ్చినట్టు వాసనొస్తారేంటండీ" అని భార్య ఆటపట్టించేది. ఆ మాట గుర్తుంది, వాసనే గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది. రేపు ఆ అమ్మాయికి చెప్పేద్దాం అనుకుని కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. వెనక పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది.

మర్నాడు ఆయన పనికి రాలేదు. పరిశోధకురాలు వెతుక్కుంటూ వచ్చేసరికి, ఇరుగుపొరుగువాళ్లు తలుపు పగలగొట్టి, కిటికీలు తెరిచి, శవాన్ని తీసుకెళ్లిపోయారు.

"వీధి చివరిదాకా కొట్టిందమ్మా గ్యాసు. పక్కనే కూర్చున్న మనిషికి ఎలా తెలీలేదో" అంది పక్కింటావిడ.

పరిశోధకురాలికి అప్పుడు అర్థమైంది. గుమ్మం పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. కళ్లూ ముక్కూ తుడుచుకున్నాక, జలుబు సడలిన ముక్కుకు, గ్యాసు పోయిన ఆ గదిలో ఒక్క వాసనే తగిలింది. బల్ల మీద పళ్లెంలో, అంచులు వాడిపోయిన సగం కీరదోసకాయ ఉంది.