అడుగున కూర్చున్న రంగు

బొజ్జన్నకు అనుమానం పట్టుకుంటే ముందు పోయేది ఆకలి. రాగిసంకటి ముద్దను వేలితో పొడుస్తూ, దాంట్లోనూ ఎవరైనా ఏదైనా కలిపారేమోనని చూసేవాడు. భార్య రామేశ్వరమ్మ తినమని రెండుసార్లు చెప్పి, మూడోసారి కంచం తీసేసేది.

కల్లూరులో కొత్త ఇళ్ళ నడుమ ఆయనకో రేకుల షెడ్డు ఉంది. అక్కడ తయారయ్యేది రంగుపొడి. బేతంచెర్ల వైపు నుంచి వచ్చే ఎర్రమట్టిని నీళ్ళూ, నలుసులు అతుక్కోకుండా ఒక మందూ పోసి, గాజుపూసలు తిరిగే మిల్లులో వెన్నలాగా నూరి, ఆరబెట్టి పొడి చేస్తారు. మామూలు పొడిని నీళ్ళలో వేస్తే ఉండ కడుతుంది, లేదంటే ఇసుక మాదిరి అడుగుకు పోతుంది. బొజ్జన్న పొడి అలా కాదు. గ్లాసులో చిటికెడు వేస్తే పొగలాగా విచ్చుకుని, గరిటె పెట్టకుండానే నీళ్ళలో కలిసిపోయేది. మరునాడు చూసినా అడుగున ఏమీ ఉండేది కాదు. అట్టపెట్టెల మీద అచ్చేసే సిరాకూ, గోడలకు వేసే రంగుకూ అలాంటిదే కావాలి.

ఈమధ్య ఆ పొడికి ఏదో అయింది. రాత్రి కలిపి పెడితే తెల్లారేసరికి పైన తేటనీళ్ళు, అడుగున ఎర్రటి బురద. కడపలో అట్టపెట్టెలు చేసేవాళ్ళు మంచి శాంపిల్ పంపమన్నారు. ఇది కూడా అడుగున కూర్చుంటే వేరేచోట చూసుకుంటామని నవ్వుతూనే చెప్పారు. నవ్వుతూ చెప్పినందుకే బొజ్జన్నకు భయం వేసింది.

మందు ఎంత వేయాలో తెలిసింది ఇద్దరికే. ఒకరు బొజ్జన్న. రెండోవాడు దావీదురాజు, షెడ్డు మొదలైనప్పటి నుంచి మిల్లు దగ్గర నిలబడేవాడు. బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఉప్పు తగిలితే విడివిడిగా ఉండాల్సిన రంగు నలుసులు ఒకదానికొకటి అతుక్కుని కిందికి దిగిపోతాయని ఇద్దరూ మొదట్లోనే బాగా నష్టపోయి తెలుసుకున్నారు. అప్పటి నుంచి కొన్న నీళ్ళే వాడతారు. దావీదురాజు ప్రతి క్యానూ చప్పరించి చూశాకే డ్రమ్ములో పోస్తాడు. మరి నీళ్ళు మంచివే, మందు మంచిదే, మట్టి పాతదే. ఇక మిగిలింది మనిషి.

పైగా దావీదురాజు ఫోన్ మోగితే బయటికి పోయి మాట్లాడుతున్నాడు. ఒకప్పుడు బొజ్జన్న హెల్మెట్లో రంగుపొడి చల్లి, ఎండలో కర్నూలు దాకా పంపి, చెమటకు ఎర్రబడిన ఆయన మొహాన్ని దారి పొడవునా జనం తొంగి చూసేలా చేసినవాడు ఇప్పుడు జోకులు కూడా వేయడం లేదు. అదే బొజ్జన్నకు పెద్ద సాక్ష్యం.

చివరికి ఒక ఉపాయం పన్నాడు. శ్రీశైలం పోతున్నానని అందరికీ చెప్పి, నుదుట విభూతి కూడా పెట్టుకుని బండెక్కాడు. బండిని రెండు సందులవతల ఆపి, షెడ్డు వెనక తలుపు గుండా దూరి, ఎర్రమట్టి బస్తాల వెనక చతికిలబడ్డాడు. శ్రీశైలంలో మల్లన్న ఆయన కోసం ఏమీ ఎదురుచూడలేదు కానీ, బస్తాల దుమ్ము మాత్రం ముక్కు నిండా స్వాగతం పలికింది.

దావీదురాజు వచ్చాడు. నీళ్ళు రుచి చూశాడు, డ్రమ్ము నింపాడు. ఫోన్ మోగింది. బొజ్జన్న లేడు, శ్రీశైలం పోయినాడు, ఈ వారంలో ఏ సంగతో చెప్తానని ఎవరితోనో అన్నాడు. బస్తా వెనక బొజ్జన్న పళ్ళు పటపటమన్నాయి. కానీ దావీదురాజు డ్రమ్ములో ఏమీ వేయలేదు. టీ తాగడానికి బయటికి పోయాడు.

అప్పుడు వచ్చింది రామేశ్వరమ్మ. చెంగులో ఏదో మూటగట్టుకుని, అటూ ఇటూ చూసి, మిల్లు చుట్టూ చెయ్యి తిప్పడం మొదలుపెట్టింది.

"ఇరుగు కన్ను, పొరుగు కన్ను, దావీదు కన్ను, మా మొగుని కన్ను..."

దోసెడు కల్లుప్పు డ్రమ్ములో పడింది.

బొజ్జన్న లేచాడు. తల నుంచి కాళ్ళ దాకా ఎర్రగా ఉన్న ఆ ఆకారాన్ని చూసి రామేశ్వరమ్మ అరవలేదు, చెంగులో మిగిలిన ఉప్పు మొత్తం మొహాన కొట్టింది. తుమ్ము విన్నాక మొగుడని గుర్తుపట్టింది.

"ఎన్నాళ్ళాయెనే, ఈ పని చేయబట్టి?"

"బెల్టు తెగిన పొద్దు, మిల్లుకు ఎవరిదో కన్ను తగిలిందని నువ్వే కదయ్యా అంటివి. ఉప్పు కరిగితే దిష్టి కరుగుతాది. ముందు పిడికెడే ఏసినా. పొడి చెడిందంటివి, దోసెడు ఏసినా."

వాకిట్లో దావీదురాజు టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. బొజ్జన్న ఘాట్ రోడ్డు మూసేశారని చెప్పబోయాడు. తన ఒంటిని తానే చూసుకుని ఆపేశాడు.

"నా కోసమేనా అన్నా, ఆడ కూచున్యావు?"

బొజ్జన్న నేల చూశాడు. దావీదురాజు టీ గ్లాసు కింద పెట్టాడు.

"నేనేమనుకున్యానో తెల్సునా? నువ్వే చెడగొడ్తాండావనుకున్యా. నన్ను పంపించేసి మీ బామ్మర్దిని పెట్టుకుంటావని. పక్క షెడ్డోళ్ళు పిలుస్తాండారు. ఈ వారం చెప్తానంటి."

"పోతావా, రాజూ?"

దావీదురాజు డ్రమ్మును ఒరిగించి నీళ్ళన్నీ బయటికి పారబోశాడు. బొజ్జన్న చీపురు పట్టుకుని కడగడానికి వంగాడు.  తప్పయిందని చెప్పే బదులు డ్రమ్మును ఎంత గట్టిగా రుద్దాడంటే, చాల్లే అన్నా, చిల్లు పడతాదని దావీదురాజే చెప్పాల్సి వచ్చింది. రామేశ్వరమ్మ మొగుడికి తలస్నానానికి నీళ్ళు కాచిపెట్టి, ఏమీ జరగనట్టు వంటకు పోయింది.

కొత్తగా నూరి ఆరబెట్టిన పొడిని గ్లాసులో వేసి పెట్టారు. తెల్లారి చూస్తే పైనుంచి కింది దాకా ఒకటే ఎరుపు. శాంపిల్ కడప బస్సెక్కింది.

దావీదురాజు పక్క షెడ్డుకు ఇంకా రానని చెప్పలేదు. వస్తానని కూడా చెప్పలేదు. సాయంత్రం మాత్రం డ్రమ్ముకు మూత బిగించి, కొత్త తాళం కొని తెచ్చి వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

మరునాడు బొజ్జన్న నీళ్ళు కావాలని తాళంచెవి అడిగాడు. దావీదురాజు ఇవ్వలేదు. తనే వచ్చి, డ్రమ్ముకు అడ్డంగా నిలబడ్డాడు.

"చేతులు సూపీ అన్నా, ముందు."

ఆ షెడ్డు యజమాని రెండు అరచేతులూ తెరిచి చూపించాడు.