వెంకటప్ప చూపించిన రాయి

చేటలో కొర్రలు పోసుకుని మట్టిబెడ్డలు ఏరుతున్నాను. ప్రొద్దుటూరు నుంచి, పాత రాతలు సేకరించే రామచంద్రయ్య అయ్యవారు వచ్చి, కూర్చోకుండానే సంచిలోంచి పటం తీసి మంచం మీద పెట్టాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకుని ఉన్నాడు.

“ఇది మీ ఇంట్లోనే ఉండనీ సుబ్బయ్యా,” అన్నాడు మా నాయనతో.

ఆ గుడ్డపటం తరాలుగా మా దేవర పెట్టెలో అడుగున పరిచి ఉండేది. మూడు నెలల కిందట దేవర కొలుపునాడు పెట్టె తెరిస్తే అయ్యవారు చూశాడు. భూమిలో ఏ రాయి ఎక్కడుందో రంగులతో చూపే పటమని, నూరేళ్లు దాటిందని, ఇట్లాంటిది తానెక్కడా చూడలేదని చెప్పాడు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో రాసిపెట్టకపోతే దానికి విలువ ఉండదన్నాడు.

నాయన మురిసిపోయాడు. నాయనకు తాతైన వెంకటప్ప జేజినాయన గొర్రెలు మేపుతూ, ఎర్రగట్టు మీద ఇప్పుడు గనుల్లో తవ్వుతున్న ముగ్గురాయి ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉందో సర్వేకొచ్చిన తెల్లదొరను తిప్పి చూపించాడట. దొర దాన్ని పటంలో దించుకుని, పోతూ ఒక ప్రతి ఇచ్చాడట.

“మా జేజినాయన పేరు రాయల్ల. ఆ జాగా ఇప్పటికీ మాకు తెలుసని కూడా రాయల్ల,” అని నాయన పట్టుబట్టాడు.

అయ్యవారికి సన్న అక్షరాలకు చూపు ఆనదు. ఆయన చెబుతుంటే నేనే రాశాను. అది జమ్మలమడుగు పత్రికలో అచ్చయింది. పటం అయ్యవారి దగ్గరే ఉండిపోయింది.

ఎర్రగట్టు గనుల హద్దు మీద రెండు పార్టీలకు కోర్టులో దావా ఉంది. దావా మొదలైనాక నలుగురి ప్రాణాలు పోయాయి.

“నిన్న పొద్దున ఒక పార్టీవాళ్లు మా ఇంటికొచ్చినారు. సాయంత్రం ఇంకొకరు,” అన్నాడు అయ్యవారు. “ఒకరికి పటం కావల్ల. ఇంకొకరికి అది లేకుండా పోవల్ల.”

“పొయ్యిలో పెడదాం సామీ,” అన్నాడు నాయన.

“కాలిస్తే ఏమొస్తుంది? జాగా నీకు తెలుసని అచ్చేసినాం గదా.”

మా అమ్మ బాలనాగమ్మ నాయన వైపు తిరిగింది. “పేరు రాపిచ్చుకుంటివి. ఊరూరా చదువుతాండారు, సంబరపడు.”

బయట జీపు ఆగింది. ఆదెన్న దిగాడు. మా అమ్మ అన్నకొడుకే. పోయిన ఎన్నికల నుంచి ఒక పార్టీ వెంట తిరుగుతున్నాడు.

“ఏం మామా, పేపర్లో పడినాక మమ్మల్ని మరిచిపోతివే! మా పార్టీ అన్న నిన్ను చూడాలంటాండాడు. గట్టు దాకా పోయొద్దాం పా.”

“రేపొస్తాడు లేప్పా,” అంది అమ్మ.

“రేపు వాళ్లొస్తారు గదత్తా,” అని ఆదెన్న నవ్వాడు.

వేంపల్లె రోడ్డు మలుపులో ఇంకొక జీపు నిలబడి ఉంది. అందులోవాళ్లు మా వాకిలినే చూస్తున్నారు. ఈ జీపెక్కితే నాయన వాళ్లకు పగవాడు. ఎక్కకపోతే వీళ్లకు.

నేను పటం మడిచి ఆదెన్నకు ఇవ్వబోయాను.

“అదెందుకు పిల్లా, మనిషుండాడు గదా.”

నాయన కంబళి భుజాన వేసుకున్నాడు. అమ్మ ముఖం చూడకుండా ఆదెన్న వెంట గడప దాటాడు.