ఎవరూ ఎక్కని పైకప్పు

ఎర్నస్టీన్ ప్రూయిట్ అమెరికాలోని టొలీడో ఊళ్లో ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపింది. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఇల్లు అమ్మేసి, చెల్లెలుండే వీధిలో మెట్లు లేని చిన్న ఇంటికి మారదామనుకుంది. లూయీస్, మారిబెల్ అనే కుర్ర జంట కొంటామన్నారు. సంతకాలకు నాలుగు రోజులుందనగా, ఇంటి కాగితాలు సరిచూసే ఆఫీసు నుంచి డార్లీన్ కోవల్స్కీ ఫోన్ చేసింది.

“ప్రూయిట్ గారూ, పైకప్పు వేయించుకుని డబ్బివ్వలేదని ఒకతను కౌంటీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో మీ ఇంటి మీద బాకీ నమోదు చేయించాడండీ. అది తీసేదాకా అమ్మకం కుదరదు.”

“నా కప్పా? ఎవరూ ఎక్కందే! ఎవడు వాడు?”

రాండల్ స్కీన్ అట. ఆ పేరే ఆమె వినలేదు. సాయంత్రం అతనే ఫోన్ చేశాడు, మాటల్లో తేనె ఒలకబోస్తూ.

“గొడవెందుకు పెద్దమ్మా? తొమ్మిది వేల డాలర్లలో సగమివ్వండి, రేపే వెనక్కి తీసుకుంటా. కోర్టుకెళ్తే వారాలు పడుతుంది. కొనేవాళ్లు అన్నాళ్లు ఆగుతారా?”

ఆ చివరి మాట ఆమెకు గుచ్చుకుంది. తెల్లారగానే చెక్కుబుక్కు తీసింది. ఎందుకైనా మంచిదని ముందు డార్లీన్‌కి చెప్పింది.

“ఒక్క సెంటు ఇచ్చారంటే ఊరుకోను! రెండ్రోజులు ఆగండి.”

అది డార్లీన్ పని కాదు. అయినా అన్నం మానుకుని కౌంటీ ఆఫీసులో నమోదులు తిరగేసింది. స్కీన్ ఇలా బాకీ రాయించిన ఇళ్లు ఇంకో పదకొండు తేలాయి. అన్నీ అమ్మకానికి పెట్టినవే. ఎర్నస్టీన్ కప్పు జనవరి ఇరవై నుంచి ఇరవై నాలుగు దాకా మార్చానని రాశాడు. అమ్మకం ప్రకటన కోసం ఏజెంటు ఆ ఇంటిని ఫొటో తీసింది ఇరవై మూడున. కప్పు నిండా జానెడు మంచు, దాని మీద పిట్ట అడుగు కూడా లేదు.

డార్లీన్ ఆ కాగితాలన్నీ ఇచ్చి ఎర్నస్టీన్ చేత కోర్టులో కేసు వేయించింది. “మంచు కదలకుండా కప్పెలా మార్చారు?” అని జడ్జి ఫొటో చూపించి స్కీన్‌ని అడిగారు. బాకీ కొట్టేశారు. ఆ పదకొండు ఇళ్ల జాబితా పోలీసుల చేతికెళ్లింది.

ఇదంతా అయ్యేసరికి ఐదు వారాలు. లూయీస్, మారిబెల్ అట్టపెట్టెలతో సహా మారిబెల్ అత్తగారి ఇంటి కింద బేస్‌మెంట్‌లోనే సర్దుకుని ఆగారు. “మీ వంటిల్లు చూశాక ఇంకేదీ నచ్చలేదండీ” అంది మారిబెల్.

కొత్తింట్లో మొదటి ఆదివారం ఎర్నస్టీన్ డార్లీన్‌నీ, ఆ కుర్ర జంటనీ భోజనానికి పిలిచింది. తినబోయే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ, డార్లీన్ చేసిన మేలు దేవుడికి చెప్పడం మొదలుపెట్టింది. డార్లీన్ సిగ్గుతో పళ్లెంలోకి తల దించుకుంది.

“అక్కా, కోడి చల్లారిపోతోందే” అని గొణిగింది చెల్లెలు.

“చల్లారనీ. ఇంకా ఆ పిల్లలిద్దరి గురించి చెప్పుకోనేలేదు” అంది ఎర్నస్టీన్, కళ్లు తెరవకుండానే.