నీళ్లు పోయే దిక్కు

కింది నల్లా దగ్గర్నుంచి మోసుకొచ్చిన బకెట్ నీళ్లు స్నానాల గది మూలన పోసి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నిలబడింది మహిమ. నీళ్లు ఒక్క క్షణం ఆగి, బయటికి పోయే మోరి వైపు కాక ఆమె పాదాల వైపు వచ్చాయి. గడప దాటాయి. వంటింట్లోకి పోయి గట్టు కింద మడుగు కట్టాయి. ఇంకో బకెట్ తెచ్చి పోసింది. అదే దారి.

"ఏం జేస్తున్నవ్?" అన్నాడు తలుపు దగ్గర సాల్మన్. కొత్తింటి ఖాళీ గదుల్ని ఫోన్లో వీడియో తీసి చర్చి గ్రూపులో పెడుతున్నాడు. "కిందికి రా. సంతకం పెడ్తెనే తాళంచెవి ఇస్తరట."

"నీళ్లు ఎదురొస్తున్నయి, జర సూడుండ్రి."

"తుడిస్తె పోతయి గద."

ఎవరు తుడిస్తే అని ఆమె అడగలేదు.

ఊరి చివర గుట్ట కింద మున్సిపాలిటీ కట్టిన ఈ ఇళ్ల కోసం వేలమంది దరఖాస్తు పెట్టుకుంటే, లేచినవి మూడు బ్లాకులు. చీటీలు తీస్తే మహిమ పేరు వచ్చింది. ఇల్లు ఆడవాళ్ల పేరునే ఇవ్వాలన్న నియమం ఉంది కాబట్టి ఆమె పేరు. ఆదివారం పెట్టుకున్న ఇంటి ప్రార్థనకు సాల్మన్ కొట్టించిన కార్డు మీద మాత్రం 'బ్రదర్ సాల్మన్ గారి నూతన గృహ ప్రతిష్ట' అని ఉంది. నా పేరేదీ అంటే, "కార్డుల జాగ సరిపోలే" అని నవ్వాడు. అత్త పక్కనుంచి అందుకుంది: "మొగడు ఇంట్ల ఉండంగ ఇంటి మీద పెండ్లాం పేరెందుకే?"

పెళ్లయిన పదకొండేళ్లలో ఐదు అద్దె ఇళ్లు మారారు. ఏ ఇల్లు చూసినా సాల్మన్ అద్దె అడిగేవాడు, బండి పెట్టుకునే జాగ ఉందో లేదో చూసేవాడు. గోడకు అరచెయ్యి ఆనించి చెమ్మ చూసేది ఆమె. పొద్దుటి ఎండ ఏ కిటికీలోంచి వస్తుందో, బట్టలారేసే తీగ ఎక్కడ కట్టొచ్చో చూసేది ఆమె. చెబితే, "డిగ్రీ సదివినవ్ గద, అన్నిట్ల వంకలే" అనేవాడు. మూడో ఇంట్లో చెమ్మ గోడ పక్కన పడుకుని పడుకుని కూతురు బ్లెస్సీకి పిల్లికూతలు పట్టుకున్నాయి. తొమ్మిదేళ్ల పిల్ల ఇప్పటికీ చలికాలమంతా దిండు వీపుకు పెట్టుకుని కూర్చునే నిద్రపోతుంది. రోజూ తడిసే ఈ నేల మీద దాన్ని ఎక్కడ పడుకోబెట్టాలి? అట్లాగని ఇప్పుడున్న ఇల్లూ ఉండదు. కొడుక్కి కావాలని ఓనరు నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. తమకు అందే అద్దెలో రెండు గదులు ఊరంతా తిరిగినా దొరకలేదు.

కింద షామియానా వేశారు. బల్ల వెనక మున్సిపాలిటీ ఇంజనీరు ఓంప్రకాశ్, ముందు ఆడవాళ్ల వరుస. మహిమ వంతు వచ్చింది. కాగితం చదివింది. 'ఇల్లు అన్ని విధాలా బాగున్నదని చూసుకుని స్వాధీనం చేసుకుంటున్నాను.'

"సదువుడు ఎందుకమ్మా, అందరికి ఒక్కటే రాసున్నది. ఇక్కడ పెట్టు సంతకం."

"బాగున్నదని రాసున్నది సార్. బాగలేదు."

"ఏమైంది?"

"స్నానాల గదిల వాలు ఎదురున్నది. నీళ్లు మోరిలకు పోతలేవు, వంటింట్లకు వస్తున్నయి. పైకి రండి, సూపిస్త."

ఓంప్రకాశ్ పక్కనున్న గుమాస్తాను చూసి నవ్వాడు. "మేడం మనకన్న పెద్ద ఇంజనీరున్నట్టున్నది. అది చిన్న పనమ్మా. చేరినంక దరఖాస్తు పెట్టు, సూస్తం."

"చిన్న పనే గద సార్, చేరకముందే చేపియ్యుండ్రి. గీ సంతకాలు సూపిచ్చి కాంట్రాక్టరు బిల్లు తీసుకపోతడు. అటెన్క ఎవరొస్తరు?"

సాల్మన్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. "పరువు తీస్తున్నవ్. పాస్టర్ గారికి ఏమని చెప్పాలె? నెలాఖరుకు పిల్లను తీసుకొని రోడ్డు మీద కూసుంటమా?"

ఆ చివరి మాట సూటిగా తగిలింది. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. మడమలతో నీళ్లు నెట్టుకుంటూ, నెలల తరబడి వంగి వంగి తుడుచుకుంటూ బతకొచ్చు. బతికేవాళ్లు లేరా? కానీ ఈ మూడు బ్లాకులకు ప్లాను గీసినవాళ్లు, కట్టినవాళ్లు, తలుపులు లెక్కపెట్టి సరేనన్నవాళ్లు, ఒక్కరైనా ఎప్పుడైనా ఒక గది కడిగి ఉంటారా? బిల్లు రాసే ముందు ఏ గల్లీలోంచో ఒక ఆడమనిషిని పిలిచి ఒక గది కడిగి చూడమంటే సరిపోయేది. అంత పనికి మున్సిపాలిటీ దగ్గర మనిషి లేకపోయింది.

ఆమె పెన్ను తీసుకుంది. సాల్మన్ ఊపిరి వదిలాడు. 'అన్ని విధాలా బాగున్నదని' అన్న మాటల మీద మహిమ అడ్డంగా గీత కొట్టింది. దాని పైన, 'స్నానాల గది నేల వాలు సరిచేసిన తర్వాత' అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టింది.

"గిట్ల కొట్టేసి రాస్తె కాగితం చెల్లదమ్మా. తాళంచెవి ఇయ్యరాదు."

"అయితే చెల్లదని మీరే రాసియ్యుండ్రి సార్. ఎందుకు చెల్లదో గూడ రాయుండ్రి."

ఓంప్రకాశ్ రాయలేదు. తాళంచెవి కూడా ఇవ్వలేదు. సాల్మన్ షామియానా దాటాడు. బండి స్టార్టయి, రోడ్డెక్కి, వినపడకుండా పోయింది.

వరుసలో వెనకున్న లింగవ్వ మహిమ భుజం తట్టింది. మరమగ్గాల సాంచాల దగ్గర నూలు కండెలు చుట్టే మనిషి. వేలిముద్ర వేయడానికి బొటనవేలికి అప్పటికే సిరా పూసుకుని ఉంది.

"బిడ్డా, పొద్దుగాల నేను గూడ పైన నాకొచ్చిన ఇంట్ల కాళ్లు కడుక్కున్న. నీళ్లన్ని వంటింట్లకే వచ్చినయి. కొంగుతోని ఒత్తి తుడిసిన. కొత్తిల్లు గద, నాకే కడుక్కునుడు రాలేదనుకున్న."

నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. మహిమ ఆమె చేతిలోని కాగితం తీసుకుని, పెన్ను మూత మళ్లీ తీసింది.