ఇంటినుంచి తెచ్చిన తీర్మానం

"రెండు కాగితాలే కదా సుచరితా, పప్పు ఉడికేలోపు అయితది" అన్నాడు మా ఆయన శ్రవణ్‌కుమార్, పేపరు మీంచి తల ఎత్తకుండానే. పొద్దున్న ఆరు దాటింది. ఒక పొయ్యి మీద కుక్కర్, ఇంకోదాని మీద అత్తయ్యకు జొన్నరొట్టె. పక్కన గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నేను ప్రపంచ దేశాలన్నిటి తరఫునా చింతిస్తున్నాను.

పదింటికి అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక కాలేజీలో మా అబ్బాయి వేణు జపాన్ అవుతాడు. బడిపిల్లలు తలా ఒక దేశంగా కూర్చుని, ఐక్యరాజ్యసమితిలోలాగా వాదించుకుని, ముసాయిదా తీర్మానాలు రాసే పోటీ అది. గెలిచినవాళ్లు ఢిల్లీ వెళ్తారు. వేణు గెలిచినట్టేనని ఉస్మాన్‌గంజ్‌లో మా మిర్చి దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ మా ఆయన ముందే చెప్పేశాడు. ఈసారి పిల్లలకిచ్చిన విషయం ఏమిటంటే, ఇంట్లో ఆడవాళ్లు జీతం లేకుండా చేసే పని. నవ్వొచ్చింది కానీ నవ్వే తీరిక లేదు.

తీర్మానానికి ఒక పద్ధతుంది. సగం పేజీ "గుర్తిస్తూ", "గమనిస్తూ", "తీవ్రంగా చింతిస్తూ" అని సాగాలి, ఆ తర్వాతే "కోరుతున్నది" అనాలి. మా అత్తయ్య నాగమణమ్మకు ఆ మొదటి సగం అక్కర్లేదు, "చాయ్ పెట్టు" అని నేరుగా వచ్చేస్తుంది. ఇంకో నియమం కూడా ఉంది. తీర్మానం ఆ హాల్లోనే, ఆ పిల్లలే రాయాలి. ఇంటినుంచి తెస్తే పోటీలోంచి తీసేస్తారు. అది బోర్డు మీద రాసి పిల్లలకు చదివి వినిపించింది నేనే, వాళ్ల సోషల్ టీచర్‌ని. తెలిసి తెలిసి రాశాను. వద్దంటే ఇంట్లో లొల్లి. "బళ్లె అందరి పోరగాండ్లకు చెప్తవ్, కన్నకొడుక్కు గింత చేయలేవా?" అనే మాట పడాలి. పదహారేళ్ల కాపురంలో వద్దు అని చెప్పడం కన్నా ఆ పనేదో చేసేయడమే నాకు సుళువైపోయింది. పదకొండు క్లాజులు రాసిచ్చాను. సిగ్గుచేటు ఏమిటంటే, బాగా రాశాను.

హాల్లో టీచర్లకు వెనక వరుస. నా పక్కన మా ప్రిన్సిపాల్ లలిత మేడమ్. ప్రతి తీర్మానాన్నీ ఇద్దరు ప్రతిపాదించాలి కాబట్టి వేణు తన పేరు పక్కన బ్రెజిల్‌గా వచ్చిన ఆశ్రిత పేరు పెట్టాడు. ఆశ్రిత మా బడి ఆయమ్మ కొమురమ్మ కూతురు. తల్లి గదులు ఊడుస్తుంది, కూతురు అవే గదుల్లో ఫస్టొస్తుంది. ఫీజు లేకుండా సీటిచ్చామని లలిత మేడమ్ వారానికొకసారైనా గుర్తుచేస్తుంది.

చైర్ స్థానంలో ఉన్నది హరిప్రియ అనే లా విద్యార్థిని. స్క్రీన్ చూస్తూ చూస్తూ ఆగింది. "ఇరవై నిమిషాల్లో పదకొండు క్లాజులా? ఈ ఫైలు పొద్దున్న ఆరుంబావుకి మొదలైంది. మనం కూర్చున్నదే పదింటికి. ఇంటినుంచి ఎవరు తెచ్చారు?"

వేణు లేచాడు. ఒక్క క్షణం నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"నాకు తెల్వది మేడమ్. రాసుడు గీసుడు అంతా ఆశ్రితనే చూసుకుంటది."

ఎంత తేలిగ్గా అనేశాడు! గ్యాస్ బండ అయిపోయినా, అత్తయ్య బీపీ మాత్ర తప్పినా, చుట్టాలకు శుభలేఖ అందకపోయినా మా ఆయన అనేదీ ఇదే. "ఇంట్ల సంగతి నాకేం తెల్సు, అన్నీ ఆమెనే చూస్తది." బాగుంటే తన ఇల్లు, చెడితే నా పని. వీడు పదిహేనేళ్లకే నేర్చేసుకున్నాడు. ఎక్కడ నేర్చావురా అని అడగడానికి నాకు నోరు లేదు. నా కళ్లముందే, నా వంటింట్లోనే నేర్చుకున్నాడు.

ఆశ్రిత నిలబడింది. "నేను మూడో క్లాజు ఒక్కటే సరిచేసిన మేడమ్. ఫైలు వేణు ఇచ్చిండు."

"అబద్ధం" అన్నాడు వేణు.

లలిత మేడమ్ నా చెవి దగ్గరికి వంగింది. "పోనీలే పాపమని సీటిస్తే గిట్లనే ఉంటది. సోమవారం కొమురమ్మను పిలిచి టీసీ చేతిల పెడ్త."

హరిప్రియ పెన్ను తీసి, పోటీ నుంచి తొలగించే కాగితం మీద ఆశ్రిత పేరు రాయడం మొదలుపెట్టింది.

నేను లేచాను. లలిత మేడమ్ నా కొంగు పట్టుకుంది. "కూసో సుచరితా. నీ కొడుకు సంగతి ఆలోచించు. నీ నౌకరీ సంగతి గూడ." ఆలోచించాను. సాయంత్రం ఇంట్లో పడబోయే మాటలన్నీ అప్పుడే వరసగా వినిపించాయి. భయమేసింది. కొంగు విడిపించుకుని ముందుకు నడిచాను. వేణు పక్కనుంచి వెళ్తుంటే "వద్దమ్మా" అన్నాడు, నాకొక్కదానికే వినపడేలా. వాడి మీద జాలి పొంగుకొచ్చింది. కోపమూ అంతే వచ్చింది.

"ఆశ్రిత తేలేదు" అన్నాను. "ఇంటినుంచి తెచ్చింది వేణు."

హరిప్రియ తలెత్తింది. "మీరెవరండీ?"

వేణు వాళ్లమ్మని అని నోటిదాకా వచ్చింది, అలవాటు కొద్దీ.

"అది రాసినదాన్ని" అన్నాను. "నా పేరు సుచరిత. ఆ పిల్ల పేరు కొట్టేసి, నా పేరు రాయుండ్రి."